‘కొత్తపల్లి’ ఇంటిపేరు: పుట్టుక, అర్థం, వ్యాప్తి

వ్యాససంగ్రహం

తెలుగువారి ఇంటిపేర్లలో ఊరిపేర్ల నుంచి వచ్చినవి చాలా ఎక్కువ. వాటిలో ‘కొత్తపల్లి’ అన్ని ప్రాంతాల్లోనూ, అనేక సామాజిక వర్గాల్లోనూ కనిపించే పేరు. ఈ పేరు అర్థం పైకి తేలికగా తెలుస్తుంది కాబట్టి దాని పుట్టుకను కూడా తేలికగా తేల్చివేయడం జరుగుతుంటుంది. ఈ ఇంటిపేరు పదనిర్మాణాన్ని, ఊరిపేరు ఇంటిపేరుగా మారే పరిస్థితిని, విస్తృత వ్యాప్తికి గల కారణాలను పరిశీలించి, ఒకే ఇంటిపేరు ఒకే వంశానికి గుర్తు కాజాలదని, సాహిత్య చరిత్రలో ఇంటిపేరును సాక్ష్యంగా వాడేటప్పుడు కొన్ని హద్దులు పాటించాలని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఇంటిపేరు, గ్రామనామం, ఔపవిభక్తికం, వలస, వంశం, కొత్తపల్లి.

1. ప్రవేశిక

తెలుగువారి సంప్రదాయంలో ఇంటిపేరు వ్యక్తి పేరుకు ముందు నిలుస్తుంది. వ్యక్తి పేరు పెద్దలు ఆలోచించి పెట్టేది. ఇంటిపేరు మాత్రం పుట్టుకతోనో, దత్తతతోనో, వివాహంతోనో సంక్రమించేది. దానిని మొదట ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఆ ఇంటివారికే తెలియకపోవడం సర్వసాధారణం. తెలియని చోట ఊహ ప్రవేశిస్తుంది. ఒక కథ పుడుతుంది. రెండు తరాలు గడిచేసరికి ఆ కథే చరిత్రగా చెలామణి అవుతుంది.

ఇంటిపేర్లకు ఆధారాలు అనేకం. కమ్మరి, కుమ్మరి వంటివి వృత్తిని తెలిపేవి. కరణం, తలారి వంటివి గ్రామోద్యోగాన్ని సూచించేవి. చింతల, వేముల, మర్రి వంటివి చెట్లకు సంబంధించినవి. ఏనుగు, పులి, నక్కా వంటివి జంతువుల పేర్లు. వీటన్నిటికంటే పెద్ద వర్గం ఊరిపేర్లది. కందుకూరి, వేమూరి, గురజాడ, బమ్మెర, దేవులపల్లి, కొత్తపల్లి ఈ వర్గానికి చెందినవి.

ఈ ఊరిపేర్లలో కొన్ని అరుదైనవి. గురజాడ అనే ఇంటిపేరు వినగానే కృష్ణా జిల్లాలోని గురజాడ గ్రామం వైపు చూపు మళ్లుతుంది. కొత్తపల్లి అలాంటిది కాదు. ఆ పేరుగల ఊళ్లు తెలుగునేల అంతటా ఉన్నాయి. కాబట్టి ‘కొత్తపల్లి వారు ఏ కొత్తపల్లి వారు?’ అన్న ప్రశ్న తప్పనిసరిగా ఎదురవుతుంది. ఈ ప్రశ్నను దాటవేసి చెప్పే ఏ వంశచరిత్రకూ పునాది ఉండదు.

2. పదనిర్మాణం

‘కొత్తపల్లి’ రెండు పదాల సమాసం. పూర్వపదం ‘కొత్త’. దీని ప్రాచీన రూపం ‘క్రొత్త’. ప్రాత–పాత, క్రింద–కింద, మ్రాను–మాను, వ్రేలు–వేలు అన్న జంటల్లో మాదిరిగానే ఇక్కడ కూడా పదాదిలోని రేఫ వ్యవహారంలో లోపించింది. అందువల్ల పాత రాతల్లో ‘క్రొత్తపల్లి’ అని ఉండి, నేడు ‘కొత్తపల్లి’ అని ఉన్నంత మాత్రాన అవి రెండు వేర్వేరు పేర్లు కావు.

కావ్యభాషలో ‘క్రొత్త’ శబ్దం సమాసంలో చేరినప్పుడు మొదటి అక్షరం మాత్రమే మిగిలి క్రొన్నన, క్రొన్నెల, క్రొంజిగురు వంటి రూపాలు ఏర్పడతాయి. గ్రామనామాల్లో ఈ సంక్షిప్త రూపం కాక, పూర్తి రూపమైన ‘కొత్త’ నిలిచింది. కొత్తూరు, కొత్తపాలెం, కొత్తపేట, కొత్తగూడెం, కొత్తకోట, కొత్తవలస అన్నీ ఇలాంటివే. ఈ పేర్లు పండితులు కూర్చినవి కావనీ, నిత్యవ్యవహారంలో రూపొందినవనీ వాటి నిర్మాణమే తెలుపుతోంది.

ఉత్తరపదం ‘పల్లి’. పల్లె, పల్లి అనేవి ఒకే పదానికి రెండు రూపాలు. తెలంగాణలో ‘పల్లి’ రూపం ఎక్కువగా వినిపిస్తుంది. రాయలసీమలో ‘పల్లె’ రూపానికి ప్రాచుర్యం అధికం. తమిళంలో ‘పళ్ళి’ శబ్దానికి పాఠశాల అనీ, జైన బౌద్ధుల నివాసమనీ అర్థాలు ఉన్న మాట నిజమే. ఆ అర్థాన్ని ఆధారం చేసుకుని తెలుగునేలలో ‘పల్లి’తో అంతమయ్యే ప్రతి ఊరూ ఒకప్పటి జైన కేంద్రమని చెప్పబూనడం సరికాదు. శిథిలాలో శాసనాలో వేరుగా దొరికిన చోట మాత్రమే ఆ వాదానికి తావుంటుంది. ‘కొత్త’ అన్న విశేషణంతో కలిసినప్పుడు ‘పల్లి’కి చిన్న జనావాసం అన్న అర్థమే సహజంగా పొసగుతుంది.

‘కొత్తపల్లి’ని ‘కోటపల్లి’తో కలిపి వివరించడం మరొక పొరపాటు. కోటపల్లి వేరే గ్రామనామం. మంచిర్యాల జిల్లాలో ఆ పేరుతో ఒక మండలమే ఉంది. తెలుగు లిపిలో ఈ రెండు పేర్ల మధ్య సందేహానికి చోటులేదు. రోమన్ లిపిలో త, ట వర్ణాల భేదమూ, హ్రస్వ దీర్ఘాల భేదమూ స్పష్టంగా నిలవకపోవడం వల్లనే ఈ కలగాపులగం ఏర్పడుతుంది.

3. ‘కొత్త’దనానికి ఆధారం

ఏ ఊరైనా తనంతట తాను కొత్తది కాజాలదు. మరొక ఊరితో పోల్చినప్పుడే అది కొత్తది అవుతుంది. కాబట్టి ప్రతి కొత్తపల్లికీ వెనుక, దానికంటే ముందున్న ఊరు ఒకటి ఉండి తీరాలి. ఆ ఊరివారో, పొరుగువారో పెట్టిన పేరు ఇది. కొత్తగా చెరువు తవ్వినప్పుడు, అడవి కొట్టి సాగులోకి తెచ్చినప్పుడు, ఊరు పెరిగి పొలాల దగ్గర మరొక వాడ వెలసినప్పుడు, వరదకో వ్యాధికో పాత నివాసాన్ని విడిచి మరోచోట ఇళ్లు కట్టుకున్నప్పుడు ఇలాంటి పేర్లు పుడతాయి. ఉత్తరాంధ్ర గ్రామనామాల్లో తరచుగా కనిపించే ‘వలస’ అన్న ఉత్తరపదం ఈ క్రమాన్ని దాపరికం లేకుండా చెబుతుంది. విజయనగరం జిల్లాలోని కొత్తవలస అందుకు ఉదాహరణ.

కాలం గడిచినకొద్దీ ఊరు పాతబడుతుంది. పేరులోని ‘కొత్త’ మాత్రం తొలగదు. ఒక దశలో ఆ పదం అర్థాన్ని తెలిపే శక్తిని కోల్పోయి కేవలం గుర్తుగా మిగులుతుంది. ఇది తెలుగుకే పరిమితమైన విషయం కాదు. కన్నడంలో హొసహళ్ళి, హోసూరు, తమిళంలో పుదూర్ ఇదే అర్థంలో ఏర్పడిన గ్రామనామాలు. ఇంగ్లండులో న్యూటన్ అన్న ఊరిపేరుకు కూడా కొత్త ఊరు అనే అర్థం. అదే తర్వాత ఇంటిపేరుగా స్థిరపడింది. భౌతికశాస్త్రవేత్త న్యూటన్ ఇంటిపేరూ కొత్తపల్లి ఇంటిపేరూ అర్థంలో ఒకటే. వేర్వేరు భాషాసమాజాల్లో ఒకే అవసరం ఒకే రకమైన పేరును పుట్టించిందనడానికి ఇది నిదర్శనం. అర్థసామ్యం ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉండదన్న విషయాన్నీ ఈ పోలికే తెలియజేస్తోంది.

4. ఊరిపేరు ఇంటిపేరయ్యే సందర్భం

ఊరిపేరు నుంచి వచ్చిన తెలుగు ఇంటిపేర్ల రూపాన్ని వ్యాకరణదృష్టితో చూస్తే ఒక ముఖ్యమైన విషయం బయటపడుతుంది. కందుకూరు అన్న ఊరిపేరు ఇంటిపేరుగా ‘కందుకూరి’ అవుతుంది. వేమూరు ‘వేమూరి’ అవుతుంది. ఉప్పలపాడు ‘ఉప్పలపాటి’, కొడవటికల్లు ‘కొడవటిగంటి’ అవుతాయి. ఇవి చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలుగా పేర్కొన్న ఇ, టి, తి వర్ణాలలో మొదటి రెండింటికి సంబంధించిన మార్పులు. ‘ఇల్లు’ అన్న పదం ‘ఇంటి’గా మారి ‘ఇంటిపేరు’ అన్న మాటలో నిలిచిన తీరు కూడా ఇదే. అంటే ‘కందుకూరి’ అన్నది ఊరిపేరు కాదు. ‘కందుకూరుకు చెందిన’ అన్న సంబంధం. తర్వాత రావలసిన ‘వారు’ అన్న మాట లోపించి, ఆ సంబంధార్థక రూపమే పేరుగా మిగిలింది.

కొత్తపల్లి విషయంలో ఈ మార్పు కంటికి కనిపించదు. ‘పల్లి’ శబ్దం విభక్తికి ముందు కూడా మారదు కాబట్టి ఊరిపేరూ ఇంటిపేరూ ఒకే రూపంలో ఉంటాయి. ‘కొత్తూరు’ నుంచి ‘కొత్తూరి’ వచ్చినప్పుడు స్పష్టంగా ఉన్న సంబంధం ‘కొత్తపల్లి’లో మరుగున ఉంది. మరుగున ఉన్నా అది లేకపోలేదు. ‘కొత్తపల్లి వారు’ అన్నప్పుడు ఆ మాట ఆ ఊళ్లో ఉన్నవారందరికీ వర్తించవచ్చు, ఆ ఇంటిపేరుగల ఒక కుటుంబానికీ వర్తించవచ్చు. సందర్భమే నిర్ణయించాలి.

ఇక్కడ అడగవలసిన ప్రశ్న: ‘కొత్తపల్లి వారు’ అన్న పిలుపు ఎక్కడ పుడుతుంది? కొత్తపల్లిలో అందరూ కొత్తపల్లివారే. అక్కడ ఆ మాటతో ఒక ఇంటిని మరొక ఇంటి నుంచి వేరుచేసి చెప్పడం సాధ్యం కాదు. ఆ ఊరు విడిచి మరొక ఊరు చేరినవారిని, చేరిన ఊరివారు అలా పిలుస్తారు. కాబట్టి సాధారణంగా ఊరిపేరు ఇంటిపేరయ్యేది ఆ ఊరి బయటనే. ఇంటిపేరులో ఉన్న ఊరు ఆ కుటుంబం విడిచివచ్చిన ఊరు.

ఈ సూత్రానికి ఆధునిక కాలపు ప్రసిద్ధుల జీవితాల్లో సమర్థన దొరుకుతుంది. కందుకూరి వీరేశలింగం 1848లో జన్మించింది రాజమహేంద్రవరంలో. కందుకూరు అక్కడికి ఎంతో దూరాన, దక్షిణాన ఉంది. గురజాడ అప్పారావు 1862లో జన్మించింది విశాఖ ప్రాంతపు ఎస్. రాయవరంలో. ఆయన జీవితమంతా పెనవేసుకున్నది విజయనగరంతో. ఆచార్య కొత్తపల్లి జయశంకర్ 1934లో జన్మించింది ఓరుగల్లు ప్రాంతపు అక్కంపేటలో. ముగ్గురి ఇంటిపేర్లూ వారు పుట్టని ఊళ్లను స్మరిస్తున్నాయి.

కొత్తపల్లి అన్న ఇంటిపేరులో ఈ విధంగా రెండు ప్రయాణాలు నిక్షిప్తమై ఉన్నాయి. మొదటిది పాత ఊరు నుంచి కొందరు వచ్చి కొత్త పల్లెను నిర్మించుకున్న ప్రయాణం. రెండవది ఆ కొత్త పల్లె నుంచి ఒక కుటుంబం మరొక ఊరికి తరలిన ప్రయాణం. మొదటిదాన్ని ‘కొత్త’ అన్న విశేషణం చెబుతుంది. రెండవదాన్ని ఆ ఊరిపేరు ఇంటిపేరు కావడమే చెబుతుంది.

ఈ సూత్రానికి మినహాయింపు లేకపోలేదు. ఒక ఊరిపై అధికారమో, కరణీకమో, ఈనాము హక్కో ఉన్న కుటుంబం ఆ ఊళ్లోనే ఉంటూ దాని పేరుతో ప్రసిద్ధి చెందవచ్చు. కాకతీయుల కాలంనాటికే రేచర్ల, మల్యాల, గోన వంటి వంశనామాలు స్థిరపడి ఉన్నాయి. 1213 నాటి పాలంపేట శాసనం రేచర్ల వంశీయుల ప్రతిష్ఠను చాటే శాసనమే. పాలకులకు, అధికారులకు ఇంటిపేరు హోదాచిహ్నం. వ్యవసాయ, చేతివృత్తుల కుటుంబాలకు అది ఎక్కువగా పొరుగువారు ఇచ్చిన ఆనవాలు. ఈ రెండు మార్గాలూ చివరకు ఒకే రూపాన్ని ఇస్తాయి. పేరును మాత్రమే చూసి అది ఏ మార్గాన వచ్చిందో చెప్పడం సాధ్యం కాదు.

5. వ్యాప్తికి కారణాలు

కొత్తపల్లి ఇంటిపేరు ఇంత విస్తృతంగా కనిపించడానికి మొదటి కారణం ఆ పేరుగల ఊళ్లు అనేకంగా ఉండడం. కరీంనగర్ సమీపంలో కొత్తపల్లి ఉంది. నంద్యాల జిల్లాలో కొత్తపల్లి పేరుతో మండలం ఉంది. రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలోని కొత్తపల్లి ఇక్రిశాట్ సంస్థ నీటి పరీవాహక అభివృద్ధి కార్యక్రమం వల్ల వ్యవసాయ పరిశోధకులకు సుపరిచితం. కాకినాడ జిల్లాలో యు. కొత్తపల్లి, అంటే ఉప్పాడ కొత్తపల్లి ఉంది. ద్వారకా తిరుమల ప్రాంతంలో జి. కొత్తపల్లి ఉంది.

చివరి రెండు ఉదాహరణలు ప్రత్యేకంగా గమనింపదగినవి. వ్యక్తుల పేర్లకు ముందు ఇంటిపేరు పొడి అక్షరం చేరినట్లే ఇక్కడ ఊరిపేరుకు ముందు పొడి అక్షరం చేరింది. ఒక ఊరిని తక్కిన ఊళ్ల నుంచి వేరుచేయడానికి ‘కొత్తపల్లి’ అన్న పేరు చాలక, ఊరికే మరొక గుర్తు అవసరమైంది. ఊరిని గుర్తించడానికే చాలని పేరు ఆ ఊరి నుంచి వెళ్లిన కుటుంబాల వంశాన్ని నిర్ణయించడానికి ఎలా చాలుతుంది? ‘యు.’, ‘జి.’ వంటి గుర్తులు ఊరిపేరుకు అంటుకున్నాయి గాని ఇంటిపేరులోకి ప్రవేశించలేదు. ఉప్పాడ కొత్తపల్లి నుంచి వెళ్లిన కుటుంబం కూడా చేరిన చోట ‘కొత్తపల్లి వారు’గానే మిగులుతుంది. వేర్వేరు ఊళ్ల ఆనవాళ్లు ఇంటిపేరు దశకు వచ్చేసరికి ఈ విధంగా చెరిగిపోతాయి.

రెండవ కారణం ఆ పేరుకు కులవృత్తులతో ముడి లేకపోవడం. కమ్మరి, కుమ్మరి వంటి పేర్లు ఒక వృత్తి పరిధిని దాటడం కష్టం. ఊరిపేరు అలా కాదు. ఒకే ఊరి నుంచి బ్రాహ్మణుడు వెళ్లినా, రైతు వెళ్లినా, నేతపనివాడు వెళ్లినా, వ్యవసాయ కూలీ వెళ్లినా చేరిన చోట అందరికీ ఒకే పిలుపు దక్కగలదు.

మూడవ కారణం ఇంటిపేర్లు వంశపారంపర్యంగా గట్టిపడిన తీరు. కన్నడ ప్రాంతంలో ఊరిపేరు, తండ్రిపేరు, సొంత పేరు వరుసగా రాయడం ఒక పద్ధతి. కుప్పళి వెంకటప్ప పుట్టప్ప అన్న కువెంపు పూర్తిపేరు అందుకు ప్రసిద్ధ ఉదాహరణ. తమిళ ప్రాంతంలో తండ్రి పేరు మొదటి అక్షరం వాడడం పరిపాటి. తెలుగునాట ఊరిపేరు మాత్రం తరం మారినా, ఊరు మారినా కదలని ఇంటిపేరయింది. మూడవ ఊరికి, నాల్గవ ఊరికి వెళ్లినా సాధారణంగా పాత ఇంటిపేరే కొనసాగుతుంది. రికార్డుల రాత పెరిగినకొద్దీ ఈ స్థిరత్వం మరింత బలపడింది. భూమి పత్రాల్లో, బడి రిజిస్టర్లలో ఒకసారి చేరిన పేరును మార్చడం అంత సులభం కాదు.

6. ఒకే ఇంటిపేరు, ఒకే వంశం అన్న భావన

ఈ పేరుగల ప్రసిద్ధులను చూస్తే దాని విస్తృతి తెలుస్తుంది. తెలంగాణ ఉద్యమ సిద్ధాంతకర్తగా పేరుపొందిన ఆచార్య కొత్తపల్లి జయశంకర్ ఓరుగల్లు ప్రాంతంవారు. షెడ్యూల్డ్ కులాల, తెగల స్థితిగతులపై విచారణ జరిపిన కమిషన్‌కు నేతృత్వం వహించిన న్యాయమూర్తి కొత్తపల్లి పున్నయ్య శ్రీకాకుళం జిల్లావారు. తెలుగు సాహిత్యంపై ఆంగ్ల ప్రభావాన్ని పరిశోధించిన పండితుడు కొత్తపల్లి వీరభద్రరావు. ఈ ముగ్గురినీ ఒకే వంశవృక్షంలో చేర్చడానికి ఇంటిపేరు తప్ప మరే ఆధారమూ లేదు. ఆ ఒక్క ఆధారం చాలదని ముందటి విభాగాల్లోని చర్చ తెలుపుతోంది.

అయినా సమాజంలో ఇంటిపేరుకు ఇంతకంటే ఎక్కువ బరువు ఉంది. తెలుగువారిలో అనేక వర్గాల్లో ఒకే ఇంటిపేరుగలవారిని అన్నదమ్ముల వరుసగా, దాయాదులుగా భావిస్తారు. వారి మధ్య వియ్యం పొసగదంటారు. గోత్ర వ్యవహారం బలంగా ఉన్న వర్గాల్లో ఇంటిపేరు కలిసినా గోత్రం వేరైతే సంబంధం కలుపుకుంటారు. గోత్రం ప్రధానం కాని వర్గాల్లో ఇంటిపేరే నిర్ణాయకమవుతుంది. నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు కొత్తపల్లుల నుంచి వేర్వేరు కాలాల్లో వెళ్లిన రెండు కుటుంబాల మధ్య రక్తసంబంధం లేకపోయినా, పేరు కలిసినందువల్ల సంబంధం తప్పిపోయే అవకాశం ఉంది. దీనికి విరుద్ధమైన స్థితి కూడా సాధ్యమే. ఒకే తండ్రి బిడ్డలు రెండు ఊళ్లకు వెళ్లి రెండు ఇంటిపేర్లు పొందినప్పుడు, రక్తసంబంధం ఉన్నా పేరు దాన్ని దాచివేస్తుంది.

ఇంటిపేరును బట్టి కులాన్ని ఊహించడం ఇంతకంటే విస్తృతంగా ఉన్న అలవాటు. కొత్త పరిచయంలో ఎదుటివారి ఇంటిపేరు అడగడం వెనుక చాలా సందర్భాల్లో ఉన్న ఉద్దేశం ఇదే. బడిలో, ఉద్యోగంలో, అద్దె ఇంటి వెతుకులాటలో ఈ ఊహ ఒక మనిషికి తలుపు తెరవవచ్చు, మూయవచ్చు. కొత్తపల్లి వంటి పేరు ఆ ఊహను నిలబడనివ్వదు. ఆ ఇంటిపేరు విని కులాన్ని నిర్ణయించినవారు ఆ పేరులో ఉన్న సమాచారాన్ని చదవలేదు, తమ మనసులో ఉన్నదాన్ని దానికి ఆపాదించారు.

ఇంటిపేరు రక్తసంబంధానికి పూర్తి ప్రమాణం కాదనడానికి దత్తత మరొక నిదర్శనం. శ్రీశ్రీగా ప్రసిద్ధుడైన శ్రీరంగం శ్రీనివాసరావు జన్మించింది పూడిపెద్ది వారి ఇంట. దత్తత వల్ల ఆయన శ్రీరంగం వారయ్యారు. వివాహంతో స్త్రీల ఇంటిపేరు మారే ఆచారం సరేసరి. కొత్తపల్లి ఇంట పుట్టిన ఆడపిల్ల మరొక ఇంటిపేరుతో, మరొక ఇంట పుట్టిన స్త్రీ కొత్తపల్లి పేరుతో పత్రాల్లో కనిపిస్తారు. ఇంటిపేరును పట్టుకుని వెనక్కి వెళ్లే వంశచరిత్ర ప్రతి తరంలోనూ తల్లివైపు దారిని విడిచిపెడుతూ పోతుంది. నాలుగు తరాల వెనుక ఒక మనిషికి పదహారుమంది పూర్వీకులు ఉంటే, ఇంటిపేరు చూపే దారి వారిలో ఒక్కరి దగ్గరకే చేరుస్తుంది. తక్కిన పదిహేనుమంది ఎవరన్న ప్రశ్నకు ఇంటిపేరు వద్ద జవాబు ఉండదు.

7. సాహిత్య చరిత్రలో ఇంటిపేరు సాక్ష్యం

ఇంటిపేరు సాక్ష్యానికి హద్దులు తెలుసుకోవడం సాహిత్య చరిత్రకు కూడా అవసరం. ప్రాచీన కవుల జన్మస్థలాలను నిర్ణయించడంలో ఇంటిపేరును ఆధారంగా చూపడం తెలుగు సాహిత్య చరిత్రలో తరచుగా కనిపించే పద్ధతి. వాటిలో ప్రసిద్ధమైనది పోతన స్థలనిర్ణయ వివాదం. జనగామ జిల్లా పాలకుర్తి ప్రాంతంలో బమ్మెర గ్రామం ఉంది. కవి ఇంటిపేరు బమ్మెర. ఆయనను ఓరుగల్లు ప్రాంతవాసిగా చెప్పేవారికి ఇది ముఖ్యాధారాల్లో ఒకటి. కడప ప్రాంతపు ఒంటిమిట్టతో ఆయనకు సంబంధం చూపేవారూ ఉన్నారు. ఏకశిలానగరం అన్న పేరు ఓరుగల్లుకు చెందుతుందా, ఒంటిమిట్టకు చెందుతుందా అన్నది ఈ వివాదంలోని మరొక ప్రధానాంశం.

పైన చెప్పిన సూత్రాన్ని ఇక్కడ అన్వయిస్తే, బమ్మెర అన్న ఇంటిపేరు నిరూపించేది కవి వంశానికి ఏదో ఒక కాలంలో బమ్మెర అన్న ఊరితో సంబంధం ఉందన్న విషయాన్ని. ఆ పేరు కొత్తపల్లి మాదిరిగా అనేక ఊళ్లకు ఉన్న సాధారణ నామం కాదు కాబట్టి ఈ సంబంధానికి బలం ఎక్కువ. అయితే కవి ఆ ఊళ్లోనే పుట్టాడని గాని, అక్కడే కావ్యరచన చేశాడని గాని ఇంటిపేరు ఒక్కటే తేల్చదు. పుట్టలేదని కూడా తేల్చదు. ఊరిలో ఉంటూనే ఆ ఊరిపేరుతో ప్రసిద్ధి చెందిన కుటుంబాలూ ఉన్నాయి, ఊరు విడిచాక ఆ పేరు పొందిన కుటుంబాలూ ఉన్నాయి. కాబట్టి జన్మస్థల నిర్ణయం గ్రంథస్థ సాక్ష్యం మీద, సమకాలిక కవుల ప్రస్తావనల మీద, స్థానిక చరిత్ర మీద ఆధారపడవలసిందే. ఇంటిపేరు వాటికి తోడుగా నిలిచే ఆధారం. వాటి స్థానాన్ని తాను ఆక్రమించలేదు.

ఈ దృష్టితో ఊరిపేరు ఆధారంగా వచ్చిన ఏ ఇంటిపేరును పరిశోధించాలన్నా మూడు విషయాలు చూడాలి. మొదటిది, ఆ పేరుగల ఊళ్లు ఎన్ని ఉన్నాయి, వాటిలో కుటుంబ స్మృతికి, ప్రయాణ మార్గానికి పొసగేది ఏది అన్నది. రెండవది, గోత్రం, ఇలవేల్పు, మొక్కుబడులు, కర్మకాండలు ఏ ప్రాంతంతో ముడిపడి ఉన్నాయన్నది. ఊరు మారినా చాలా కుటుంబాలు ఇలవేల్పును మార్చుకోవు. మూడవది, రాతపూర్వక ఆధారాలు: శాసనాలు, ఈనాము పత్రాలు, గ్రామ లెక్కలు, మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తులు. కడప జిల్లా ఊరిపేర్లపై కేతు విశ్వనాథరెడ్డి చేసిన పరిశోధన వంటి గ్రామనామ అధ్యయనాలు ఇంటిపేర్ల పరిశీలనకు పునాదిగా ఉపకరిస్తాయి. ఊరిపేరును సరిగా తెలుసుకోకుండా దాని మీద నిలిచిన ఇంటిపేరును తెలుసుకోవడం సాధ్యం కాదు.

8. వర్తమానంలో ఇంటిపేరు

గత శతాబ్దిలో ఇంటిపేరు రూపం మరికొన్ని మార్పులకు లోనైంది. ఆంగ్ల వ్యవహారంలో అది పొడి అక్షరంగా కుదించుకుపోయింది. ‘కె.’ అన్న అక్షరం వెనుక కొత్తపల్లి ఉండవచ్చు, కందుకూరి ఉండవచ్చు, కొడవటిగంటి ఉండవచ్చు. ఊరి జ్ఞాపకం ఆ ఒక్క అక్షరంలో పూర్తిగా కనుమరుగవుతుంది.

విదేశాలకు వెళ్లిన తెలుగువారి విషయంలో ఇందుకు విరుద్ధమైన మార్పు జరిగింది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ప్రత్యేకమైన గడి ఉండడం వల్ల పొడి అక్షరంగా ఉన్నది మళ్లీ పూర్తిపేరుగా విస్తరించింది. తెలుగు క్రమంలో ముందుండే పేరు అక్కడి క్రమం ప్రకారం చివరకు చేరింది. పనిచేసే చోట అందరూ పిలిచే పేరూ కొన్నిసార్లు అదే అయింది. స్వస్థలంలో కాగితాలకు, పెళ్లి శుభలేఖలకు పరిమితమైన ఇంటిపేరు పరాయి దేశంలో నిత్యవ్యవహారంలోకి వచ్చింది. రోమన్ లిపిలో ఒకే కుటుంబంలోని అన్నదమ్ములు దానిని వేర్వేరు అక్షరక్రమాల్లో రాస్తుండడం వల్ల, తెలుగులో ఒకటైన పేరు పత్రాల్లో రెండు మూడు పేర్లుగా చీలే స్థితి కూడా ఏర్పడుతోంది. వచ్చే తరం పరిశోధకులు ఈ చీలికను గుర్తించకపోతే, కలవని కొత్తపల్లులను కలిపిన పాత పొరపాటుకు తోడు, కలిసి ఉన్న కుటుంబాలను విడదీసే కొత్త పొరపాటు చేరుతుంది.

వివాహానంతరం పుట్టింటి పేరునే కొనసాగిస్తున్న స్త్రీలు, రెండు ఇంటిపేర్లనూ కలిపి రాసుకుంటున్నవారు, ఇంటిపేరును పూర్తిగా విడిచిపెట్టిన రచయితలు నేడు ఉన్నారు. ఇంటిపేరు మార్పులేనిదన్న భావన వ్యవహారంలోనే సడలుతోంది. దాని చరిత్రను పరిశీలించినవారికి ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. పొరుగువారి పిలుపుగా మొదలై, అవసరాన్ని బట్టి స్థిరపడిన పేరు అవసరాన్ని బట్టి మారడం సహజమే.

9. ముగింపు

‘కొత్తపల్లి’ అంటే కొత్తగా ఏర్పడిన పల్లె అన్నది నిఘంటువు చెప్పే అర్థం. ఇంటిపేరుగా దానికి మరొక అర్థం చేరింది: కొత్తపల్లి నుంచి వచ్చినవారు. ఈ రెండవ అర్థంలో ఆ పేరు ఎక్కువ సందర్భాల్లో వలసకు సాక్ష్యం. వంశానికి, కులానికి అది సాక్ష్యం కాదు. ఆ పేరుగల ఊళ్లు అనేకం కావడం, ఏ వృత్తికీ ఏ వర్గానికీ పరిమితం కాకపోవడం, వంశపారంపర్యంగా స్థిరపడడం దాని వ్యాప్తికి కారణాలు. వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో స్వతంత్రంగా పుట్టిన పేరు కాబట్టి ఆ పేరుగలవారందరికీ ఒకే మూలపురుషుణ్ణి వెతకడం వ్యర్థప్రయత్నం.

ఇంటిపేరు గర్వకారణమో, అవమానకారణమో కావడానికి దాని పుట్టుకలో ఏ ఆధారమూ లేదు. ఒక ఊరివారు తమ మధ్యకు వచ్చిన కొత్తవారిని ఎక్కడివారని అడిగారు. వారు చెప్పిన జవాబు వారి ఇంటిపేరయింది. ఆ జవాబు వెనుక ఉన్న ఊరును, దారిని, కాలాన్ని వెతకడం పరిశోధకుని పని. కొత్తపల్లి ఇంటిపేరు విషయంలో ఆ వెతుకులాట ప్రతి కుటుంబానికీ వేరువేరుగా మొదలుకావలసి ఉంది.